కషాయమే కదా అనుకోవద్దు

మన ఇళ్లల్లో కషాయం అంటే తాగేది. జలుబు చేస్తే అమ్మమ్మ అల్లం, మిరియాలు, తులసాకు వేసి మరిగించి గ్లాసులో పోసి ఇస్తుంది. ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో మింగి, మీద చిన్న బెల్లం ముక్క చప్పరిస్తాం. అదే మాట పొలం ఒడ్డుకు వచ్చేసరికి అర్థం పూర్తిగా మారిపోతుంది. మన చేతి అలవాటు మాత్రం మారదు. మందు డబ్బా మూత తీసేటప్పుడు తల పక్కకు తిప్పుకునే మనిషే కషాయం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతాడు. అడిగితే "ఆకులే కదా" అంటాడు.

ఆ ఆకుల్లో ఉమ్మెత్త ఉంటుంది, గన్నేరు ఉంటుంది, పొగాకు ఉంటుంది.

పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ జాగ్రత్తల అవసరం ఇప్పుడు పెరిగింది. కాకతీయ కాలువ కింద, మానేరు కింద వరి మడులు ఎంత దూరమైనా విడవకుండా సాగుతాయి. వానాకాలంలో నాలుగు రోజులు ముసురు పట్టి గాలి కొడితే బాక్టీరియా ఎండాకు తెగులు ఒక మడి నుంచి ఇంకో మడికి నీళ్లతోనే నడిచి వెళ్తుంది. ఉత్తరాన నల్లరేగడి చేలల్లో పత్తికి నల్లమచ్చ తెగులు వస్తుంది. ఆకు మీద ఈనెల మధ్య మూలలు తేలిన మచ్చలు, కొమ్మ మీద నల్లని చార, ఆఖరికి కాయకుళ్లు. ఈ రెండూ శాంతోమోనాస్ జాతి బాక్టీరియా పనే. జగిత్యాల వైపు మామిడికాయ మీద నక్షత్రంలా పగిలే మచ్చకూ ఆ జాతే కారణం.

వీటికి మన రైతు ఇన్నాళ్లూ కొట్టింది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన పొడి. అది మనుషులకు ఇచ్చే యాంటీబయాటిక్ మందే. పొలంలో వాడే కొద్దీ సూక్ష్మజీవులు దానికి మొండికేస్తాయనే భయంతో, వ్యవసాయంలో దాని వాడకాన్ని ఆపాలని కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబర్‌లో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. దాంతో అందరి చూపూ మొక్కల మందుల మీదికి మళ్లింది. చూపు మళ్లడం మంచిదే. ఆదిలాబాద్ పత్తి రైతులు కొందరు చేతన ఆర్గానిక్ సంస్థతో కలిసి 2004 నుంచీ రసాయనాలు లేని సాగు చేస్తున్నారు కూడా. కాకపోతే మొక్కల మందును మందుగా చూడాలి, ఇంటి కషాయంగా కాదు.

అది ఎంతవరకు పనిచేస్తుంది?

ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం ప్రమాదాలు తప్పుతాయి. వెల్లుల్లిని చితక్కొట్టగానే అల్లిసిన్ అనే పదార్థం పుడుతుంది. అది బాక్టీరియా లోపలి ఎంజైములను పట్టి కదలకుండా చేస్తుంది. వాములో థైమాల్, లవంగంలోనూ తులసిలోనూ యూజినాల్ ఉంటాయి. ఇవి బాక్టీరియా పైపొరకు చిల్లులు పెడతాయి. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పెంచిన బాక్టీరియా మీద వీటి చుక్క వేస్తే చుట్టూ తెల్లగా ఖాళీ అవుతుంది. ఫోన్లో చూసే వీడియోలన్నీ ఆ పళ్లెం దగ్గరే ఆగిపోతాయి.

వరి ఎండాకు తెగులు బాక్టీరియా కాపురం ఉండేది ఆకు పైన కాదు, ఆకు లోపల నీళ్లు పారే నాళాల్లో. ఆకు అంచున నీటి బొట్లు వచ్చే రంధ్రాల గుండా, గాలికి చిరిగిన గాయాల గుండా లోపలికి దూరుతుంది. పైన కొట్టిన ఆకు రసం అక్కడిదాకా చేరదు. కాబట్టి మొక్కల మందు ఆకు పైన ఉన్న బాక్టీరియాను తగ్గిస్తుంది, కొత్తగా దూరేదాన్ని కొంత అడ్డుకుంటుంది. లోపల ఉన్నదాన్ని వెళ్లగొట్టదు. సగం ఎండిన ఆకు మళ్లీ పచ్చబడదు. ఈ సంగతి తెలియక "పని చేస్తలేదు, డోసు పెంచు" అంటూ రెండింతలు, మూడింతలు పోస్తారు. అప్పుడు మాడేది పైరు, కందేది పోసినవాడి చేయి. నాళాల్లో బాక్టీరియా మాత్రం చల్లగా ఉంటుంది.

తెగులు ఏదో తేల్చుకున్నాకే

ఆకు ఎండితే అంతా ఎండాకు తెగులు కాదు. జింకు లోపంలో ఆకు మీద తుప్పు మచ్చలు వస్తాయి. కాండం తొలిచే పురుగు వల్ల తెల్లకంకి వస్తుంది. పొటాష్ తక్కువైనా ఆకు కొనలు, అంచులు ఎండుతాయి. ఎండాకు తెగులులో కొన నుంచి అంచుల వెంబడి పసుపు చార అలలు అలలుగా కిందికి దిగుతుంది. తెల్లవారుజామున చూస్తే ఆ అంచున పసుపు రంగు జిగురు బొట్లు కనబడతాయి. ఎండ వచ్చాక అవి ఆవగింజల్లా గట్టిపడతాయి.

చేయండి: పచ్చ, పసుపు కలిసేచోట ఆకును ముక్కగా కత్తిరించి గాజు గ్లాసులో తేట నీళ్లలో వేయండి. వెలుతురుకు పెట్టి పది నిమిషాలు చూడండి. కత్తిరించిన చోటు నుంచి పొగలాంటి మబ్బు దిగితే అది బాక్టీరియానే. బాక్టీరియా వల్ల వడలిన టమాటా మొక్క కాండం ముక్కను నీళ్లలో వేలాడదీసినా పాలదారం లాంటిది దిగుతుంది. అనుమానం తీరకపోతే మొక్కను తీసుకుని రైతు వేదికలో విస్తరణ అధికారికి గానీ, పొలాస పరిశోధన స్థానం, జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రం, ఆదిలాబాద్ పరిశోధన స్థానం లాంటి చోట్ల గానీ చూపించండి. 1800-180-1551కి ఫోన్ చేసినా తెలుగులో చెబుతారు.

చేయకండి: ఆ గ్లాసును కడిగి మళ్లీ నీళ్లు తాగడానికి వాడకండి. పగిలినదో, పారేసేదో తెచ్చుకోండి. పైరంతా మందుతో తడిపేశాక నమూనా తీసుకుపోకండి. అధికారికి ఏమీ తేలదు.

అడవికి పోయేముందు

ఐదాకులో, పదాకులో ఏరడానికి పోయేటప్పుడు చాలామంది "ఏ ఆకును పశువులు ముట్టవో ఆ ఆకు" అనే లెక్కన కోస్తారు. పాతకాలపు లెక్కే, అందులో తెలివి ఉంది. పశువు ముట్టదంటే అందులో విషం ఉందని. ఆ విషమే మనకూ తగులుతుందనే సగం మాత్రం మరిచిపోతాం.

ఉమ్మెత్తలో ప్రతి భాగమూ విషమే, గింజ మరీ ఎక్కువ. నోరు ఎండుతుంది, కంటిపాప పెద్దదవుతుంది, గుండె దడదడలాడుతుంది, మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. గన్నేరు గుండె లయను దెబ్బతీస్తుంది. దాని పుల్లలు పొయ్యిలో పెట్టి కషాయం కాయడం కూడా ప్రమాదమే, పొగలోనూ విషం ఉంటుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే మొదట పెద్దగా నొప్పి తెలియదు. కొన్ని గంటల్లో చూపు మసకబారుతుంది. అది నల్లగుడ్డు మీది పారదర్శక పొర ఉబ్బడం. నొప్పి లేదని తెల్లారిందాకా ఆగితే ఆలస్యమవుతుంది. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే పొర ఒరుసుకుపోతుంది. పేల కోసం తలకు రాసుకుని కళ్లు పాడుచేసుకున్నవాళ్లను మన దేశంలో కంటి డాక్టర్లు చాలామందిని చూశారు. నల్లజీడి రసం పడ్డచోట ఒళ్లు కాలినట్టు బొబ్బలెక్కుతుంది. ముష్టి గింజల జోలికి అసలు పోవద్దు. అది స్ట్రిక్నిన్, ప్రాణం పోవడానికి పిడికెడు కూడా అవసరం లేదు.

బాక్టీరియా తెగులుకు ఈ విషపు ఆకుల అవసరం కూడా పెద్దగా లేదు. ఉమ్మెత్త, గన్నేరు, పొగాకు వంటివి పదాకుల కషాయమైన దశపర్ణిలో చేరింది ముఖ్యంగా పురుగు కోసం. ఎండాకు తెగులు కోసం పొగాకు కషాయం కాచే రైతు లేని లాభానికి ఉన్న ప్రమాదాన్ని కొని తెచ్చుకుంటున్నట్టే. పైగా పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ టమాటాకు, మిరపకు అంటుకుంటుంది. తెగులు తగ్గించబోయి తెగులు అంటించినట్టు అవుతుంది. నా మటుకు నేను వరికీ పత్తికీ బాక్టీరియా కోసం వేప, వెల్లుల్లి, తులసి, వాము దాటి పోవద్దంటాను.

వేప దగ్గరా ఒక మాట. 2021 చివర్లో తెలంగాణ అంతా వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుకుంటూ వచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చిన ఎండుతెగులు అది. ఊరి రోగాలన్నిటికీ మందు ఇచ్చే చెట్టుకే రోగం వచ్చింది. ఎండిన కొమ్మల ఆకు, బూజు పట్టిన గింజ తీసుకోవద్దు. జూన్, జులైల్లో రాలిన పండ్లను అదే వారం ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి పెట్టిన గింజకు బూజు పడుతుంది, ఆ బూజు పొడి దంచేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గోనె సంచి మంచిది.

కవ్వాల్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కషాయం కోసం చెట్ల బెరడు చెక్కకండి, వేర్లు తవ్వకండి. ఇంటి పెరట్లో, గట్టు మీద దొరికేవి చాలు.

దంచే చేతులు

మందు కొట్టేవాళ్ల గురించి అందరూ మాట్లాడతారు. కషాయం తయారీలో ఎక్కువసేపు గడిపేది ఆడవాళ్లు. మిరపకాయ నూరేది, వెల్లుల్లి ఒలిచి దంచేది, గింజ పప్పు రోట్లో పోసి రోకలితో పొడి చేసేది వాళ్లే. వాళ్లకు తొడుగులు ఎవరూ కొనివ్వరు. పచ్చి వెల్లుల్లి ముద్ద రెండు గంటలు చేతికి అంటుకుని ఉంటే చర్మం కాలుతుంది, బొబ్బలు వస్తాయి. మిరప ఘాటు సంగతి చెప్పక్కర్లేదు.

రబ్బరు తొడుగులు వేసుకునే దంచాలి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి. పని మధ్యలో చేత్తో కన్ను నలపొద్దు, బిడ్డకు పాలివ్వొద్దు. చేతులు, రొమ్ము, పైట సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. కడుపుతో ఉన్నవాళ్లను, పిల్లలను ఈ పనికి పెట్టవద్దు. కూర నూరే రోలు, రోకలి, మిక్సీ జారు దీనికి వాడవద్దు. వేరే రాయి పెట్టుకుంటే సరిపోతుంది. అన్నం వండే బగోనెలో కాచి, తోమి, సాయంత్రం అందులోనే పప్పు పెట్టే అలవాటు మానాలి.

ఇంట్లో పొయ్యి మీద మిరపకాయ, పొగాకు మరిగించకండి. ఆవిరి గొంతు పట్టేస్తుంది, ఆయాసం ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. ఆరుబయట, గాలి వాటం చూసుకుని, గాలి వచ్చే వైపున నిలబడి కాయాలి. నిజానికి వేప గింజను కాచనే వద్దు. పేరుకు కషాయం గానీ దాన్ని చల్లటి నీళ్లలో నానబెట్టడమే పద్ధతి. వేడి చేస్తే అందులోని అజాడిరక్టిన్ చెడిపోతుంది. ఎకరానికి 200 లీటర్ల ద్రావణం కావాలంటే 5 శాతానికి 10 కిలోల గింజ పప్పు పడుతుంది. పొడిచేసి గుడ్డలో మూటగట్టి రాత్రంతా నానబెట్టి, తెల్లారి పిండి, పలుచటి గుడ్డలో రెండుసార్లు వడగట్టి, 200 గ్రాముల సబ్బుపొడి కలపాలి. బోరు నీళ్లు చవుడుగా ఉంటే అజాడిరక్టిన్ తొందరగా విరిగిపోతుంది, చెరువు నీళ్లో కాలువ నీళ్లో మేలు. వెల్లుల్లి కూడా అంతే. కాచితే అల్లిసిన్ పోతుంది. దంచి, కాసేపు ఆగి, నీళ్లలో కలిపి అదే రోజు కొట్టేయాలి.

పసుపు నీళ్లు కొట్టేవాళ్లకు చిన్న నిరాశ. మెట్‌పల్లి, కోరుట్ల పసుపు ఎంత మేలుదైనా కుర్కుమిన్ నీళ్లలో కరగదు, డ్రమ్ము అడుగున పేరుకుంటుంది. పైగా ఎండకు విరిగిపోతుంది. ఆ అడుగు మడ్డినంతా చివరి పంపులో పోస్తే చివరి సాలు మీదే పడుతుంది. దాన్ని కరిగించడానికి స్పిరిట్ పోయమని కొందరు సలహా ఇస్తారు. ప్రయోగశాలల్లో మెథనాల్, అసిటోన్ వాడేది నిజమే. అక్కడ పొగను లాగేసే యంత్రం ఉంటుంది. మన పశువుల కొట్టంలో ఉండేది కిరోసిన్ దీపం, బీడీ. మెథనాల్ కడుపులోకి పోతే కళ్లు పోతాయి. ఇంట్లో దానితో ప్రయోగాలు వద్దు.

డ్రమ్ము, సీసా, చల్లపెట్టె

పదాకుల ద్రావణాన్ని నలభై రోజులు మురగబెడతారు. మురిగేది వాయువు వదులుతుంది. డ్రమ్ముకు మూత బిగించి పెడితే ఉబ్బి, తెరవగానే మొహం మీదికి చిమ్ముతుంది. నోటికి గోనెపట్టా లేదా దోమతెర కట్టి నీడన పెట్టండి. కలిపేది పొడుగు కర్రతో, ఆరుబయట. పెద్ద తొట్టి అయితే లోపలికి వంగి పీల్చకండి, పిల్లలు ఎక్కి చూడకుండా చుట్టూ కంచె పెట్టండి.

ఆవు మూత్రం, పేడ పోసేటప్పుడు ఒట్టి చేతులు వద్దు. ఈసుకుపోయిన ఆవు మూత్రం, పేడ అసలు వాడకూడదు. వాటి నుంచి బ్రూసెల్లా అనే బాక్టీరియా మనిషికి అంటుకుని జ్వరం వస్తుంది. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరా పశువుల మూత్రంలోనూ ఉంటుంది, కాలి పుండు గుండా ఒంట్లోకి దూరుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. కషాయాన్ని కూల్‌డ్రింకు సీసాలో పోయకండి. నీళ్ల సీసాలో పోయకండి. సారా సీసాలో అస్సలు పోయకండి. చల్లగా ఉంటే చెడిపోదని చల్లపెట్టెలో పెట్టకండి. అల్లం టీ రంగులో ఉండే ద్రావణాన్ని ఎండన పడి వచ్చిన మనిషి మూత తీసి ఎత్తి తాగేస్తాడు, "కషాయం" అని రాసి ఉంటే మరీ నమ్మకంగా తాగుతాడు. వేపనూనె రెండు చెంచాలు మింగిన పసిబిడ్డకు వాంతులు, మూర్ఛలు వస్తాయి, స్పృహ పోతుంది. కడుపులో పురుగులు పోతాయని పిల్లలకు వేపనూనె తాగించే అలవాటు కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉంది, అది మానాలి. డబ్బా మీద "పొలం మందు, విషం" అని రాసి, ఏ ఆకులు వేశారో, ఏ తారీకున వేశారో రాయండి. చదువు రాని ఇల్లయితే పుర్రె బొమ్మ గీయండి. ఎందుకు రాయాలో చివర్లో చెబుతాను.

పంపు ఎత్తుకున్నాక

2017 వానాకాలంలో పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి పురుగుమందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది దవాఖానల పాలయ్యారు. అవి రసాయనాలు. ఆ ఏడు పత్తి మనిషెత్తు పెరిగింది, కొట్టిన మందు కొట్టినవాడి మొహానికే తగిలింది. బట్టలు తడిసి, ఆ తడి బట్టలతోనే పొద్దంతా పనిచేశారు. ఆ తర్వాత మన దగ్గర కొందరు కషాయాల వైపు వచ్చారు. రసాయనం మానారు సరే, ఒట్టి కాళ్లతో, బనీనుతో, తడి ఒంటితో కొట్టే పద్ధతి మానలేదు. పొగాకు రసం తడి చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. పచ్చి పొగాకు కోసేవాళ్లకు వాంతులు, తల తిరగడం వచ్చేదీ అందుకే.

పొడుగు చేతుల అంగి, ప్యాంటు, బూట్లు, రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు. మొహానికి తువ్వాల చుట్టుకుంటే అది తడిసి ఇంకా హాని, మాస్కు పెట్టుకోండి. గాలికి ఎదురు నడవకండి, గాలిని వీపున పెట్టుకోండి. పైరు నడుము దాటి ఎదిగితే పంపు గొట్టాన్ని పక్కకు, కిందికి పట్టండి.

కషాయంతో వచ్చే చిక్కు ఒకటి రసాయనంతో ఉండదు. ఆకు పీచు, పిప్పి నాజిల్‌లో ఇరుక్కుంటుంది. రైతు నాజిల్ విప్పి, నోట్లో పెట్టుకుని ఊదుతాడు. పదాకుల విషం నేరుగా నాలుక మీదికి. పాత పళ్ల బ్రష్షు ఒకటి, సన్నని తీగ ఒకటి జేబులో పెట్టుకోండి. దానికంటే బాగా వడగట్టడం మేలు. తైవాన్ పంపు ఒత్తిడికి గొట్టం చిట్లితే ఒళ్లంతా తడుస్తుంది, ముందు నీళ్లతో నడిపి చూసుకోండి.

సాయంత్రం నాలుగు దాటాక కొట్టండి. మొక్కల మందుల్లో చాలావాటిని ఎండ విరిచేస్తుంది. నూనె మందు మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. ముందు పది మొక్కల మీద కొట్టి రెండు మూడు రోజులు ఆగి చూడండి. లవంగ నూనె, వాము నూనె వంటి గాఢ నూనెల విషయంలో ఈ పరీక్ష తప్పనిసరి. చుక్క ఎక్కువైతే చాలు, ఆకుకు చిల్లులు పడతాయి. మంచు తడి ఆరకముందు, వాన తడిలో తెగులు మడిలో తిరగకండి. మందు కొట్టే మనిషే కాళ్లతో, గొట్టంతో తెగులును మడంతా పంచిపెడతాడు. మంచి మడి ముందు, తెగులు మడి ఆఖరున కొట్టి, అక్కడే కాళ్లు, గొట్టం కడుక్కుని రండి.

కలపకూడనివి కొన్ని ఉన్నాయి. వేప ద్రావణంలో సున్నం, బోర్డో మిశ్రమం వద్దు, విరిగిపోతుంది. గంధకం కొట్టిన పైరుకు రెండు మూడు వారాల ఎడం లేకుండా నూనె మందు వద్దు, మాడుతుంది. పులిసిన ద్రావణంలో రాగి మందు కలిపితే రాగి ఎక్కువగా కరిగి ఆకును కాలుస్తుంది. సూడోమోనాస్‌తో విత్తనశుద్ధి చేసి, దాన్నే పైరు మీద కొడుతూ, అదే వారం వెల్లుల్లి రసం కొట్టడం తెలివి కాదు. సూడోమోనాస్ కూడా బాక్టీరియానే, మంచిదీ చెడ్డదీ వెల్లుల్లికి తెలియదు.

కొనే సీసాలదీ ఒక లెక్క ఉంది. అంగడిలో వేప మందు 300, 1500, 10,000 పి.పి.యం. అని రకరకాల గాఢతల్లో దొరుకుతుంది. 1500 సీసాకు లీటరు నీటికి 5 మి.లీ. అని నోటికి వచ్చిన లెక్కను 10,000 సీసాకు వాడితే ఆరు రెట్లకు పైగా పడుతుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి ఎండాకు తెగులుకు చెప్పే 3 శాతం వేపనూనె మళ్లీ వేరు, అది మామూలు నూనె, లీటరుకు 30 మి.లీ. సబ్బు లేకుండా కలవదు. 5 శాతం వేప గింజల ద్రావణం, లీటరుకు 20 గ్రాముల తాజా ఆవుపేడ నీళ్లు కూడా వాళ్ల సూచనల్లో ఉన్నాయి. రిజిస్ట్రేషన్ నంబరు లేని "బయో" సీసా, బిల్లు ఇవ్వని దుకాణం వద్దు. సీసా మీద ఏ తెగులుకని ముద్రించారో చదవండి. వేప సీసాల్లో చాలావరకు పురుగుకే అనుమతి ఉంటుంది.

చెరువు, తేనెటీగ, తోటకూర

నూనె తీశాక మిగిలే ఇప్ప చెక్క ఆదిలాబాద్‌లో చవకగా దొరుకుతుంది. చేపల చెరువుల్లో పనికిరాని చేపలను చంపడానికి వాడేది దాన్నే. మొక్కల మందైనా చేపకు విషమే కావచ్చు, అందుకే పంపు కడిగిన నీళ్లు, డ్రమ్ము మడ్డి చెరువులో, కాలువలో, బోరు పక్కన పారబోయకండి. గట్టు మీద పాడు నేలలో గుంట తీసి పోయండి. పూత మీదున్న పైరుకు పొద్దున కొడితే తేనెటీగలు పోతాయి, సాయంత్రం కొట్టడానికి ఇదో కారణం. కొట్టిన గట్టు గడ్డి రెండు మూడు రోజులు పశువులకు వేయకండి. తోటకూర, పాలకూర, కొత్తిమీర మీద పేడ నీళ్లు, మూత్రం కలిసిన ద్రావణం కోతకు దగ్గరలో వద్దు. ఉమ్మెత్త, గన్నేరు, పొగాకు పడిన ద్రావణం కూరగాయల మీద ఎప్పుడూ వద్దు.

ఒంటికి పడకపోతే

కంట్లో పడితే పదిహేను నిమిషాలు తేట నీళ్ల ధార కింద కడగండి. పాలు, తేనె, ఆముదం పోయకండి. జిల్లేడు పాలైతే నొప్పి లేకున్నా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పోండి. ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి సబ్బుతో కడగండి. మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి, స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

డబ్బా మీద ఆకుల పేర్లు రాయమన్నది ఇందుకే. పొలంలో పడిపోయిన మనిషిని తీసుకుపోయి "మందు కొడుతుంటే పడ్డడు" అంటే డాక్టరు మొదట అనుమానించేది పురుగుమందు విషమే. ఆ విషానికి విరుగుడు అట్రోపిన్. ఉమ్మెత్తలో ఉన్నది ఆ అట్రోపిన్ జాతి విషమే. ఉమ్మెత్త విషం ఎక్కినవాడికి పొరపాటున అట్రోపిన్ పడితే నిప్పులో నెయ్యి పోసినట్టు. డాక్టరు కంటిపాప చూసి గుర్తుపట్టవచ్చు. కానీ మనం డబ్బా చేతిలో పట్టుకుని పోయి "ఇందులో ఉమ్మెత్త ఉంది, ఇది రసాయనం కాదు" అని చెబితే ఊహించే పని ఉండదు. ఆకు ఒకటి కూడా తీసుకుపోండి.

ఇక పైరు సంగతి

కషాయానికి ముందే చేయాల్సినవి చేస్తే కషాయం పని తేలికవుతుంది. నారు కొనలు తుంచి నాటకండి, తుంచిన ప్రతి కొనా బాక్టీరియాకు వాకిలి. యూరియా ఒకేసారి గుమ్మరించకండి, తెగులు కనబడితే మిగతా దఫా ఆపండి. తెగులు మడి నీళ్లు కింది మడికి వదలకండి. పత్తి విత్తనం ఆమ్లంతో నూగు తీసినదే వాడండి, నూగులో దాక్కున్న బాక్టీరియా పోతుంది. సన్నాలు వేసేవాళ్లకు ఇంకో దారి ఉంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి సాంబ మసూరిలోకి మూడు నిరోధక జన్యువులు ఎక్కించి 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. ఎండాకు తెగులు ఏటా వచ్చే మడిలో ఆ విత్తనం ముందు ఏ కషాయమూ నిలవదని నా అభిప్రాయం.

కషాయం కొట్టేవాళ్లు మడిలో నాలుగు సాళ్లు కొట్టకుండా వదిలేయండి, ఒక కర్ర పాతి గుర్తు పెట్టండి. పదిహేను రోజుల తర్వాత ఒడ్డు మీద నిలబడి రెండు వైపులా చూస్తే, డ్రమ్ము మళ్లీ పెట్టాలా వద్దా అనేది ఆ సాళ్లే చెబుతాయి.